సీరియల్ తీగ మీద మొదటి అక్షరం: రాస్ప్‌బెర్రీ పై బోర్డులకు ఓపెన్ సోర్స్ సిస్టమ్‌లు చేరిన దారి

కొత్తగా చేతికొచ్చిన సింగిల్ బోర్డ్ కంప్యూటర్ మీద ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఊపిరి తీసుకుంటోందనడానికి తొలి ఆనవాలు తెర మీద కనబడదు. రాస్ప్‌బెర్రీ పై విషయంలో అది బోర్డు అంచున వరుసగా నిలిచిన పిన్నుల్లో ఆరో, ఎనిమిదో, పదో పిన్నుల దగ్గర దొరుకుతుంది: ఒకటి గ్రౌండ్, ఒకటి పంపేది, ఒకటి అందుకునేది. వీటికి 3.3 వోల్టుల సీరియల్ కేబుల్ తగిలించి, రెండో కొసను ల్యాప్‌టాప్‌కు గుచ్చి, సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో టెర్మినల్ తెరిచి కూర్చుంటే, ఏదో ఒక క్షణాన అక్కడ ఒక అక్షరం పడాలి. అది పడేవరకు సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్ అసలు మొదలైందో లేదో కూడా తెలియదు. పడిన తర్వాత మిగిలిన పని ఎంత పెద్దదైనా, ప్రశ్న వేసి జవాబు రాబట్టగలిగే పని అవుతుంది.

ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త యంత్రం మీద నడిచేలా చేయడాన్ని పోర్టింగ్ అంటారు. అంటే దాన్ని ఆ యంత్రం కోసం తిరగరాయడమే అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. నిజానికి లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ వంటి సిస్టమ్‌లలో ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్, షెడ్యూలర్ వంటి పెద్ద భాగాలన్నీ సీ భాషలో ఉంటాయి; బోర్డు మారినా వాటిని ముట్టుకోనక్కర్లేదు. ప్రాసెసర్‌కు సంబంధించిన పలుచని పొర కూడా చాలాసార్లు అదే రకం ప్రాసెసర్ ఉన్న మరో బోర్డు కోసం ఎవరో ఒకరు అప్పటికే రాసి ఉంచినదే. మారేది ప్రాసెసర్ చుట్టూ ఉన్న లోకం. ఆ లోకం గురించిన సమాచారం ఎవరి దగ్గర ఉంది, ఏ రూపంలో ఉంది, ఎంతవరకు బయటపెట్టారు అన్న మూడు ప్రశ్నలే పోర్టింగ్‌కు ఎన్నాళ్లు పడుతుందో, పూర్తయిన పోర్ట్ ఎన్నేళ్లు నిలుస్తుందో తేలుస్తాయి. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన రాస్ప్‌బెర్రీ పై, దాని తర్వాతి తరాలు ఈ విషయాన్ని మరే బోర్డూ చూపనంత స్పష్టంగా చూపుతాయి.

డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీద మాత్రమే పనిచేసినవారికి ఈ ఇబ్బంది అంతగా అనుభవంలోకి రాదు. అక్కడ యంత్రంతో పాటే వచ్చే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్ ముందుగా లేచి, మెమరీ ఎక్కడెక్కడ ఎంతెంత ఉందో పట్టిక కట్టి కెర్నల్‌కు అప్పగిస్తుంది. పీసీఐ బస్సు, అంటే పరికరాలను కలిపే ఉమ్మడి మార్గం, మీద ఉన్న ప్రతి పరికరమూ అడగ్గానే తనను తయారుచేసిన సంస్థ సంఖ్యనూ తన రకాన్నీ చెబుతుంది. బోర్డుల్లో వాడే ఆర్మ్ చిప్‌ల లోపల ఉండే సీరియల్ పోర్టు, టైమర్, ఇంటరప్ట్ కంట్రోలర్ (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను చూసుకునేది) అలా తమంతట తాము పలకవు. ఫలానా చిరునామాలో ఫలానా రిజిస్టర్, అంటే పరికరాన్ని నడిపే అంకెలు రాసే గడి, ఉందని కెర్నల్‌కు ముందే తెలిసి ఉండాలి. ఏమీ లేని చిరునామాను తాకితే ప్రాసెసర్ తప్పును పట్టి ఆగిపోవచ్చు, లేదా బోర్డు ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోవచ్చు. సీరియల్ పోర్టే ఇంకా పనిచేయని దశలో ఈ రెండింటికీ మధ్య తేడా కనిపెట్టడం సాధ్యం కాదు.

రాస్ప్‌బెర్రీ పైలో మరో విశేషం ఉంది. కరెంటు ఇవ్వగానే మొదట లేచేది ఆర్మ్ ప్రాసెసర్ కాదు, బ్రాడ్‌కామ్ చిప్‌లోని వీడియోకోర్ గ్రాఫిక్స్ ప్రాసెసర్. మొదటి తరంలో దాని లోపలే చెక్కి ఉన్న చిన్న ప్రోగ్రామ్ ఎస్‌డీ కార్డులోని మొదటి ఫ్యాట్ పార్టిషన్‌ను వెదికి, అందులోని బూట్‌కోడ్ ఫైలును తన క్యాష్‌లోకి తెచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ సమయానికి ప్రధాన మెమరీ ఇంకా మేలుకోలేదు. ఆ ఫైలు మెమరీని మేలుకొలిపి, గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్‌ను ఎక్కిస్తుంది. ఫర్మ్‌వేర్ కాన్ఫిగ్ ఫైలును చదివి, కెర్నల్ ఇమేజ్‌ను మెమరీలో పెట్టి, ఆ తర్వాతే ఆర్మ్ ప్రాసెసర్‌ను వదులుతుంది. ఈ ఏర్పాటు వల్ల పోర్ట్ చేసేవారికి ఒక సుఖం దక్కింది: మెమరీని మేలుకొలపడమనే అత్యంత క్లిష్టమైన పని వారి నెత్తిన పడలేదు. దానికి బదులుగా ఆ ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ లేని బైనరీగానే వచ్చింది. పూర్తిగా ఓపెన్ సోర్స్ అని చెప్పుకునే సిస్టమ్ కూడా ఈ బోర్డు మీద మరొకరి మూసిన పెట్టె తెరిచిన తలుపులోంచే లోపలికి రావాలి. ఈ రాజీని చిన్నదిగా తీసిపారేయకూడదు. క్లాకులు, కరెంటు సరఫరా, తెర వంటివన్నీ ఆ తర్వాత కూడా మెయిల్‌బాక్స్ అనే మార్గంలో ఆ ఫర్మ్‌వేర్‌నే అడిగి చేయించుకోవలసి వచ్చింది.

చిరునామాల సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. మొదటి బోర్డులోని బీసీఎం2835 చిప్ గురించి బ్రాడ్‌కామ్ 2012 ఫిబ్రవరిలోనే 205 పేజీల పత్రం బయటపెట్టింది. అందులో సీరియల్ పోర్టు చిరునామా హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, 7ఈ201000 అని ఉంటుంది. కెర్నల్‌లో ఆ అంకెనే రాస్తే ఏమీ జరగదు, ఎందుకంటే అది గ్రాఫిక్స్ ప్రాసెసర్ వైపు బస్సు నుంచి చూస్తే కనిపించే చిరునామా. అదే పోర్టు ఆర్మ్ వైపు నుంచి 20201000 దగ్గర కనబడుతుంది. ఒకే ఇంటికి రెండు వీధుల నుంచి రెండు డోర్ నంబర్లు ఉన్నట్టన్నమాట. హెక్సాడెసిమల్‌లో 20000000 అంటే సరిగ్గా 512 మెగాబైట్లు. అంటే ఆ చిప్‌లో మెమరీకి కేటాయించిన స్థలం అక్కడితో ముగిసి, పరికరాల ప్రాంతం మొదలవుతుంది. 2015లో ఒక గిగాబైట్ మెమరీతో రెండో తరం వచ్చినప్పుడు ఆ గీత చెరిగిపోక తప్పలేదు. పరికరాల ప్రాంతాన్ని గిగాబైట్ చివరన, 16 మెగాబైట్లు ముందుగా మొదలయ్యేలా జరిపారు. సీరియల్ పోర్టు 3ఎఫ్201000కు వెళ్లింది. 2019లో నాలుగు గిగాబైట్ల వరకు మెమరీతో నాలుగో తరం రాగానే అదే పోర్టు ఎఫ్‌ఈ201000కు చేరింది. పోర్టు అదే, దాని రిజిస్టర్లు అవే, దాన్ని నడిపే కోడ్ అయిన డ్రైవర్‌లో మార్చవలసిన పంక్తి ఒక్కటీ లేదు. మారింది ఇంటి నంబరు మాత్రమే.

ఇంటి నంబరు మారిన ప్రతిసారీ కెర్నల్ సోర్స్ కోడ్‌నే మార్చుకుంటూ పోతే ఏమవుతుందో లినక్స్ అప్పటికే అనుభవించింది. 2010 ప్రాంతంలో ఆర్మ్ చిప్ తయారుచేసే ప్రతి సంస్థా తన బోర్డుకొక ఫైలు చొప్పున కెర్నల్‌లో చేర్చుతూ పోయింది. ఒక్కో ఫైలులో చిరునామాలు, ఇంటరప్ట్ సంఖ్యలు, క్లాకుల వివరాలు సీ భాషలో అచ్చుగుద్ది ఉండేవి. ఒక బోర్డు కోసం కట్టిన కెర్నల్ పక్క బోర్డు మీద లేచేది కాదు. 2011 మార్చిలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళం మీద బహిరంగంగా విరుచుకుపడిన తర్వాత ఆర్మ్ మెయింటెయినర్లు దారి మార్చారు. వారు ఎంచుకున్న డివైస్ ట్రీ కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. సన్ కంపెనీ యంత్రాల్లోనూ పవర్‌పీసీ యంత్రాల్లోనూ వాడిన ఓపెన్ ఫర్మ్‌వేర్ నుంచి, అంటే 1994లో ప్రమాణంగా స్థిరపడిన పద్ధతి నుంచి వచ్చినదే. బోర్డు మీద ఏమున్నాయో ఒక చెట్టు రూపంలో రాస్తారు. సీరియల్ పోర్టుకు ఒక నోడ్ ఉంటుంది: అది ఏ రకం పోర్టుతో సరిపోతుంది, ఏ చిరునామాలో ఎంత మేర ఉంది, ఏ ఇంటరప్ట్ లేపుతుంది, ఏ క్లాకు మీద నడుస్తుంది. ఈ వివరణను చిన్న బైనరీ ఫైలుగా మార్చుతారు; కెర్నల్‌ను ఎక్కించే బూట్‌లోడర్ దాన్ని కెర్నల్ చేతిలో పెడుతుంది. కెర్నల్ దాన్ని చదివి, సరిపోయే డ్రైవర్‌ను ఆ చిరునామాకు పంపుతుంది. 2012 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 3.7లో పలు రకాల ఆర్మ్ బోర్డుల మీద ఒకే కెర్నల్ ఇమేజ్ లేచే ఏర్పాటు మొదలైంది. బీసీఎం2835కు ప్రధాన స్రవంతిలో, అంటే అందరికీ మూలమైన అసలు లినక్స్ కెర్నల్‌లో, ప్రాథమిక మద్దతు చేరినదీ అందులోనే.

ఈ మార్పును కేవలం శుభ్రతా కార్యక్రమంగా చూడడం పొరపాటు. అంతకుముందు బోర్డు గురించిన జ్ఞానం లినక్స్ కోడ్‌లో కరిగిపోయి, లినక్స్‌కు మాత్రమే పనికొచ్చేది. చెట్టుగా విడివడ్డాక అదే వివరణను ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, యు-బూట్ అనే బూట్‌లోడర్ అన్నీ చదువుకుంటున్నాయి. ఒకరు ఓపికగా కనిపెట్టిన ఇంటరప్ట్ సంఖ్యను రెండోవారు మళ్లీ తవ్వుకోనక్కర్లేకపోయింది. 2016లో యు-బూట్ డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే బూట్ ప్రమాణమైన యూఈఎఫ్ఐ ముఖాన్ని కూడా సంతరించుకోవడంతో, బోర్డు బోర్డుకొక బూట్ పద్ధతి నేర్చుకోవలసిన అవస్థ కూడా ఈ సిస్టమ్‌లకు చాలా తగ్గింది.

మళ్లీ మొదటి అక్షరం దగ్గరికి వద్దాం. చిరునామా సరిగ్గా తెలిసినా, పోర్టు వేగాన్ని నిర్ణయించే భాజకం తప్పితే పడేవి అక్షరాలు కావు, చెత్త. బోర్డులోని పీఎల్011 అనే ఈ సీరియల్ పోర్టుకు 48 మెగాహెర్ట్జ్ క్లాకు అందుతుంటే, దాన్ని 1,15,200కు పదహారు రెట్లతో భాగించగా 26కు కాస్త పైన వస్తుంది. పూర్ణాంకం రిజిస్టర్‌లో 26, భిన్నం రిజిస్టర్‌లో 64వ వంతుల లెక్కన 3 రాస్తే సరిపోతుంది. 2016లో మూడో తరం బోర్డు వచ్చినప్పుడు ఈ లెక్క తెలిసినవారికే చుక్కెదురైంది. ఆ బోర్డులో కొత్తగా చేరిన బ్లూటూత్ చిప్‌కు ఈ మంచి పోర్టును ఇచ్చేసి, బయటి పిన్నులకు మినీ యూఆర్ట్ అనే చిన్న పోర్టును కలిపారు. దానికంటూ స్థిరమైన క్లాకు లేదు. గ్రాఫిక్స్ కోర్ క్లాకు ఎంత వేగంగా కొట్టుకుంటే అది అంత వేగంగా నడుస్తుంది. కోర్ 250 మెగాహెర్ట్జ్‌లో ఉందనుకుని భాజకంగా 270 రాస్తే అక్షరాలు ముచ్చటగా వస్తాయి. యంత్రానికి పని పెరిగి ఫర్మ్‌వేర్ కోర్‌ను 400 మెగాహెర్ట్జ్‌కు లేపగానే అదే భాజకంతో వేగం సెకనుకు 1,84,000 బిట్లు దాటిపోతుంది, టెర్మినల్ మీద ప్రశ్నార్థకాలూ పిచ్చి గీతలూ కురుస్తాయి. కెర్నల్‌లో తప్పు లేదు, కేబుల్‌లో తప్పు లేదు. కాన్ఫిగ్ ఫైలులో యూఆర్ట్‌ను ఎనేబుల్ చేసే ఒక్క పంక్తి రాస్తే ఫర్మ్‌వేర్ కోర్ క్లాకును 250 దగ్గర కట్టిపడేస్తుంది, అక్షరాలు తిరిగి కుదుటపడతాయి. ఆ ఒక్క పంక్తి తెలియనివారు తమ కోడ్‌లో లేని తప్పును రోజుల తరబడి వెదుక్కునే ప్రమాదం ఉంది.

తర్వాతి మెట్లు ఇంటరప్ట్‌లు, టైమర్. మొదటి తరంలో ఆర్మ్ వారి ప్రామాణిక ఇంటరప్ట్ కంట్రోలర్ లేదు, బ్రాడ్‌కామ్ సొంతది ఉంది. సిస్టమ్ టైమర్‌లో నాలుగు పోలిక రిజిస్టర్లు ఉన్నా రెండింటిని గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడుకుంటుంది కనుక కెర్నల్‌కు మిగిలేవి రెండే. ఇవి పత్రంలో ఉన్నవీ, ఒకసారి తెలిస్తే చాలినవీ కాబట్టి ఇక్కడ ఎక్కువ కాలం ఆగవలసిన పని పడదు.

ఆగవలసి వచ్చింది యూఎస్‌బీ దగ్గర. మొదటి మోడల్ బీ బోర్డులో ఈథర్‌నెట్ కూడా యూఎస్‌బీకి వేలాడుతూ ఉంటుంది. యూఎస్‌బీ లేకపోతే కీబోర్డూ లేదు, నెట్‌వర్కూ లేదు. ఆ యూఎస్‌బీ కంట్రోలర్ బ్రాడ్‌కామ్ సొంత తయారీ కాదు, సినాప్సిస్ అనే మరో సంస్థ నుంచి లైసెన్స్ తీసుకున్నది, కనుక 205 పేజీల పత్రంలో దాని పూర్తి వివరం లేదు. పైగా అది పనిని ఎక్కువగా ప్రాసెసర్ మీదికే నెట్టే రకం. హై-స్పీడ్ యూఎస్‌బీలో మైక్రోఫ్రేమ్ నిడివి 125 మైక్రోసెకన్లు. పాత వేగపు కీబోర్డును హబ్ ద్వారా తగిలించినప్పుడు లావాదేవీని ముక్కలుగా ఏ మైక్రోఫ్రేమ్‌లో ఏది పంపాలో సాఫ్ట్‌వేరే చూసుకోవాలి. అంటే సెకనుకు 8,000 ఇంటరప్ట్‌ల వరకు రావచ్చు. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఇది తలకు మించిన భారం. రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ తన సొంత కెర్నల్‌లో దీని కోసం అత్యవసర ఇంటరప్ట్ మార్గాన్ని వాడి ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకుంది. ఆ డ్రైవర్ ప్రధాన స్రవంతి లినక్స్‌లోకి వెళ్లలేదు. 2013లో సినాప్సిస్ వైపు నుంచే వచ్చిన వేరే డ్రైవర్ అక్కడ స్థానం పొందింది.

లైసెన్సుల ప్రాముఖ్యం తెలిసేది ఇక్కడే. లినక్స్ డ్రైవర్లు సాధారణంగా జీపీఎల్ కింద ఉంటాయి, అంటే వాటిని కలుపుకున్న కోడ్‌ను పంచితే దాన్నీ అదే లైసెన్సు కింద ఇవ్వాలి; బీఎస్‌డీ కుటుంబపు సిస్టమ్‌లు వాటిని తమ కెర్నల్‌లోకి యథాతథంగా తీసుకోవడానికి ఇష్టపడవు. కాబట్టి చిప్ గురించిన పత్రం లేకపోతే వారు లినక్స్ డ్రైవర్‌నే పత్రంగా చదివి, అందులోని పనితీరును అర్థం చేసుకుని, తమ డ్రైవర్‌ను మొదటినుంచి రాసుకోవాలి. చదివే కోడ్‌లో కారణం చెప్పని ఆలస్యాలు, వ్యాఖ్య లేని అంకెలు ఉంటే అవి ఎందుకున్నాయో ఊహించుకోవడమే మిగులుతుంది. పిండి కొద్దీ రొట్టె. సినాప్సిస్ డ్రైవర్‌ను మాత్రం జీపీఎల్‌తో పాటు బీఎస్‌డీ తరహా లైసెన్సు కింద కూడా ఇచ్చారు. అందువల్ల నెట్‌బీఎస్‌డీ దాన్ని తన యూఎస్‌బీ వ్యవస్థకు అమర్చుకోగలిగింది, ఓపెన్‌బీఎస్‌డీ నెట్‌బీఎస్‌డీ నుంచి తీసుకోగలిగింది. లైసెన్సు పేరాలో ఒక ప్రత్యామ్నాయం చేర్చడం వల్ల రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అంత శ్రమ తప్పింది.

గ్రాఫిక్స్ కథలో కూడా తాళం తీసినవారిదే ప్రధాన పాత్ర. 2012 అక్టోబర్‌లో ఆర్మ్ వైపు గ్రాఫిక్స్ లైబ్రరీల సోర్స్ కోడ్‌ను బయటపెట్టినప్పుడు అసలు పనంతా ఇంకా ఫర్మ్‌వేర్‌లోనే ఉందని, విడుదలైనది దానికి సందేశాలు చేరవేసే పొర మాత్రమేనని లినక్స్ గ్రాఫిక్స్ డెవలపర్లు విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనది. 2014 ఫిబ్రవరి 28న బ్రాడ్‌కామ్ వీడియోకోర్ 4 త్రీడీ భాగపు పత్రాన్ని, ఆ కుటుంబానికే చెందిన మరో చిప్ డ్రైవర్ సోర్స్‌ను విడుదల చేసింది. ఆ ఏడాదే ఎరిక్ యాన్‌హోల్ట్ బ్రాడ్‌కామ్‌లో చేరి పూర్తి ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాయడం మొదలుపెట్టారు. 2016లో వచ్చిన లినక్స్ 4.5 నాటికి త్రీడీ మద్దతు ప్రధాన స్రవంతిలో ఉంది. పత్రం వచ్చిన రెండేళ్లకు డ్రైవర్ వచ్చింది, పత్రం లేని రెండేళ్లలో రాలేదు.

కెర్నల్ లేచినంత మాత్రాన సిస్టమ్ పూర్తి కాదన్నది మొదటి తరం నేర్పిన మరో సంగతి. అందులోని ఆర్మ్1176 ప్రాసెసర్ ఆర్మ్ ఆరో వెర్షన్‌ది, కానీ దశాంశ గణితానికి హార్డ్‌వేర్ ఉన్నది. లినక్స్ ఆధారిత సిస్టమ్ అయిన డెబియన్‌లో అప్పటి రెండు ఆర్మ్ రూపాల్లో ఒకటి ఏడో వెర్షన్ ఉంటేనే నడిచేది. రెండోది నడిచేది గానీ ఆ హార్డ్‌వేర్‌ను సరిగా వాడుకునేది కాదు. ఈ మధ్య ఖాళీని పూడ్చడానికి మైక్ థాంప్సన్, పీటర్ గ్రీన్ ముందుండి డెబియన్ ప్యాకేజీలన్నింటినీ తిరిగి కంపైల్ చేసే పనికి పూనుకున్నారు. రాస్ప్‌బియన్ పేరుతో 2012 జూన్ నాటికి 35,000కు పైగా ప్యాకేజీలు సిద్ధమయ్యాయి. కొత్త డ్రైవర్ ఒక్కటీ రాయకుండా, బోర్డుకు తగిన కంపైలర్ ఎంపికతోనే సాధించిన ఈ పోర్ట్ వాడుకదారులకు చేసిన మేలు ఎన్నో డ్రైవర్లు చేసిన మేలుకన్నా ఎక్కువ.

నాలుగో తరం తెచ్చిన చిక్కు వేరు. అక్కడ మెమరీ పెరిగింది, కానీ చిప్‌లోని పాత పరికరాలు చాలావరకు మొదటి గిగాబైట్‌ను మాత్రమే నేరుగా అందుకోగలవు. తొలి చిప్‌లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదున్న యూఎస్‌బీ కంట్రోలర్‌కు మూడు గిగాబైట్ల వరకే చేయి అందుతుంది. డీఎంఏ అంటే పరికరం ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండా మెమరీలో తానే రాయడం. కెర్నల్ ఆ పరికరానికి అందని ఎత్తులో బఫర్ ఇస్తే డేటా చేరవలసిన చోటికి చేరదు. ఒక గిగాబైట్ బోర్డు మీద పరీక్షించినప్పుడు ఇది ఎప్పటికీ బయటపడదు. నాలుగు గిగాబైట్ల బోర్డులో కూడా మెమరీ కింది భాగం నిండేదాకా బయటపడకపోవచ్చు. అందుకే ఇటువంటి తప్పు అన్నిటికన్నా ప్రమాదకరమైనది: బోర్డు హాయిగా లేస్తుంది, గంటల తర్వాత ఫైళ్లు పాడవుతాయి. 64 బిట్ల ఆర్మ్ లినక్స్‌లో ఈ కిందిపాటి మెమరీని వేరుగా కాపాడే ప్రత్యేక మండలం 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్‌లో చేరింది. పరికరానికి అందే చిరునామా, ప్రాసెసర్ చూసే చిరునామా వేర్వేరన్న విషయాన్ని తమ డ్రైవర్ చట్రంలో ముందునుంచే విడదీసి ఉంచిన నెట్‌బీఎస్‌డీ వంటి సిస్టమ్‌లకు ఈ రకం పరిమితిని చెప్పడానికి ఒక చోటు సిద్ధంగా ఉంది. పాతికేళ్ల కిందట వేరే యంత్రాల కోసం చేసిన ఆలోచన ఇలా అక్కరకొస్తుంది.

ఇవన్నీ దాటి పనిచేస్తున్న పోర్ట్ కూడా ప్రధాన స్రవంతిలోకి చేరకపోతే ఎక్కువకాలం నిలవదు. తయారీదారు ఇచ్చే సొంత కెర్నల్ బోర్డు అమ్మకానికి వచ్చిన రోజునే అన్నీ చేస్తుంది. అందులోని మార్పులు సమీక్షకు నిలవకపోయినా ఆ రోజు అవసరం తీరుతుంది. కానీ కెర్నల్ లోపలి అమరికలు ప్రతి విడుదలకూ మారుతుంటాయి, బయట ఉండిపోయిన కోడ్‌ను ఎవరో ఒకరు ప్రతిసారీ కొత్త వెర్షన్‌కు అతుకుతూ ఉండాలి. రాస్ప్‌బెర్రీ పై వెనుక ఆ పని చేసే సంస్థ స్థిరంగా నిలబడింది కనుక 2012 నాటి బోర్డు కూడా చాలా ఏళ్లు కొత్త కెర్నల్‌లను నడపగలిగింది. చవకగా వచ్చిన ఇతర బోర్డులు ఎన్నో తయారీదారు ఇచ్చిన ఒకే ఒక పాత కెర్నల్ దగ్గర ఆగిపోయి, భద్రతా సవరణలు అందక మూలన పడ్డాయి. బోర్డు కొనేముందు ప్రాసెసర్ వేగం కన్నా, ప్రధాన స్రవంతి కెర్నల్‌లో ఆ బోర్డు డివైస్ ట్రీ ఉందా లేదా అన్నది చూడడం మేలు.

2023లో వచ్చిన ఐదో తరం బోర్డులో అమరిక మళ్లీ మారింది. పిన్నులు, యూఎస్‌బీ, ఈథర్‌నెట్ వంటివన్నీ ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లోకి వెళ్లాయి. దాన్ని ప్రధాన చిప్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ ద్వారా కలిపారు. దాని పరికరాల పత్రాన్ని రాస్ప్‌బెర్రీ పై సంస్థ ప్రచురించింది. అయినా పదకొండేళ్లుగా అందరికీ అలవాటైన ఎనిమిదో, పదో పిన్నుల సీరియల్ పోర్టు ఇప్పుడు ఆ వంతెనకు అవతల ఉంది. ఎల్‌ఈడీ ఒకటి ఆ పిన్నులకు తగిలించి వెలిగించాలన్నా పీసీఐ లింకు ముందు నిలబడి ఉండాలి. ఫర్మ్‌వేర్ తాను నిలబెట్టిన లింకును కూల్చకుండా కెర్నల్‌కు అప్పగించేలా కాన్ఫిగ్ ఫైలులో చెప్పవచ్చు. మొదటి దశలో చాలామందికి అదే ఆసరా. ఎస్‌డీ కార్డు మాత్రం ప్రధాన చిప్‌లోనే ఉంది కాబట్టి కెర్నల్‌కు తన ఫైళ్లు అందుతాయి. పోర్ట్ చేసేవారిని దృష్టిలో ఉంచుకున్నారనడానికి మరో చిన్న గుర్తు రెండు హెచ్‌డీఎంఐ సాకెట్ల మధ్య కనబడుతుంది: మూడు పిన్నుల బుల్లి కనెక్టర్. అది ఆర్‌పీ1తో సంబంధం లేకుండా నేరుగా ప్రధాన చిప్‌లోని పీఎల్011 పోర్టుకే వెళుతుంది. వంతెన ఇంకా కట్టని కెర్నల్ కూడా తన మొదటి అక్షరాన్ని అక్కడినుంచి పంపగలదు.